కొకైన్ తీసుకుంటే ఒంట్లో, బుర్రలో అసలు ఏం జరుగుతుంది? (తమ్ముడి విషయం, తెలిసినవాళ్ళు చెప్పండి)

రవళి_రామంతపూర్ · శనివారం, రాత్రి 11:42

ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను. మా పిన్ని కొడుకు, 26 ఏళ్ళు. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి ఏడాదిగా మా ఇంట్లోనే ఉంటున్నాడు. పోయిన వారం తెల్లవారుజామున మూడింటికి వచ్చాడు. మనిషి మామూలుగా లేడు. గడగడా మాట్లాడుతూనే ఉన్నాడు, పళ్ళు కొరుకుతున్నాడు, కనుపాపలు ఇంతింత అయిపోయాయి. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని "అక్కా, గుండె దడదడలాడుతోంది" అన్నాడు. నోట్లో మందు వాసన వస్తోంది కదా, తాగింది ఎక్కువైందనుకుని మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టాను. మర్నాడంతా మంచం దిగలేదు. పలకరిస్తే ఏడుపు మొహం. రెండు రోజులు నిలదీస్తే అప్పుడు ఒప్పుకున్నాడు, కొకైన్ అని. మూడు నాలుగు సార్లేనట.

నీతులు నాకు వద్దు, వాడికి చెప్పాల్సినవి చెప్పేశాను. ఆ పొడి లోపలికెళ్ళి ఏం చేస్తుంది? మూడు నాలుగు సార్లకే గుండెకి, మెదడుకి ఏమైనా అవుతుందా? మళ్ళీ అలా వస్తే నేను ఏం చెయ్యాలి?

వీధరుగు · శనివారం, రాత్రి 11:58

అక్కా, మరీ టెన్షన్ పడకండి. మూడు నాలుగు సార్లకి ఏమీ కాదు. పెరూ, బొలీవియాల్లో కోకా ఆకు మనం తమలపాకు నమిలినట్టు నములుతారు, టీ కాచుకుని తాగుతారు. వేల ఏళ్ళ నుంచీ ఉన్న అలవాటు. వాళ్ళందరూ పోయారా ఏంటి?

పాఠాల_పంతులు · ఆదివారం, ఉదయం 6:20

ముప్ఫై ఏళ్ళు మెడికల్ కాలేజీలో ఫార్మకాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి, అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను. ఓపిక పట్టండి.

వీధరుగు గారూ, ఆకు మాట నిజమే. కానీ ఆకులో కొకైన్ నూటికి ఒక పాలు, ఇంకా తక్కువ. నమిలితే అది కొద్దికొద్దిగా, గంటల తరబడి రక్తంలోకి దిగుతుంది. 1859-60లో గోటింగెన్‌లో ఆల్బర్ట్ నీమన్ ఆకులోంచి దాన్ని వేరుచేసి తెల్లటి పొడిగా తీశాక కథ మారిపోయింది. ముక్కుతో పీలిస్తే కొన్ని నిమిషాల్లో, పొగగా పీలిస్తే సెకన్లలో మెదడుకి చేరుతుంది. ఎంత త్వరగా చేరితే అలవాటు అంత గట్టిగా పట్టుకుంటుంది. పదార్థం ఒకటే, వేగం వేరు. చెరకు ముక్క నమిలేవాణ్ణీ సారా తాగేవాణ్ణీ ఒకే గాట కట్టం కదా.

ఇక మెదడు సంగతి. ఊరి చెరువు తూము ఊహించుకోండి. మెదడు కణాల మధ్య సన్నటి సందులు ఉంటాయి. ఏదైనా మంచి జరిగినప్పుడు, జరగబోతోందని అనిపించినప్పుడు, ఒక కణం ఆ సందులోకి డోపమిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. అవతలి కణం అందుకుంటుంది. పని అయిపోగానే ఆ డోపమిన్‌ని వదిలిన కణమే మళ్ళీ లోపలికి లాక్కుంటుంది. ఆ లాక్కునే తూముకి కొకైన్ అడ్డం పడుతుంది. నీళ్ళు వస్తూనే ఉంటాయి, పోయే దారి ఉండదు. అదే ఆ "కిక్". కొకైన్ కొత్తగా ఆనందం తయారు చేయదు, ఉన్నదాన్ని పోనివ్వకుండా ఆపుతుంది. మెత్ (మెథాంఫెటమిన్ అనే ఇంకో మత్తుమందు) లాంటివి అయితే కణంలో దాచుకున్న డోపమిన్‌ని కూడా బయటికి కుమ్మరిస్తాయి, అది ఇంకో రకం దరిద్రం.

డోపమిన్ ఒక్కటే కాదు. నారెడ్రినలిన్, సెరొటోనిన్ అనే ఇంకో రెండు రసాయనాల తూములు కూడా మూసుకుంటాయి. మీ తమ్ముడి కనుపాపలు, గుండె దడ నారెడ్రినలిన్ పుణ్యమే. పులి ఎదురైతే ఒళ్ళు ఎలా సిద్ధమవుతుందో అలా. పులి మాత్రం ఎక్కడా లేదు.

రవళి_రామంతపూర్ · ఆదివారం, ఉదయం 8:05

మాస్టారూ, తూము మాట వాడికి చదివి వినిపించాను, ఫోన్ పక్కన పెట్టి విన్నాడు. మరి మర్నాటి ఏడుపు ఎందుకు?

పాఠాల_పంతులు · ఆదివారం, ఉదయం 8:40

ముక్కుతో తీసుకుంటే ఆ ఊపు 15 నుంచి 30 నిమిషాలు. రక్తంలో ఉన్న కొకైన్ దాదాపు గంటకి సగమైపోతుంది. అది దిగాక డోపమిన్ మామూలు మట్టానికి కూడా కాదు, ఇంకా కిందికి పడుతుంది. అన్నం రుచించదు, మనుషులు రుచించరు. కొందరికి చచ్చిపోవాలన్న ఆలోచనలు కూడా వస్తాయి, ఆ రెండు రోజులు ఒంటరిగా వదలకూడదు.

ఎక్కువకాలం వాడితే మెదడు ఇంకో పని చేస్తుంది. రోజూ ఇంటి ముందు మైకు పెడితే మనం కిటికీలు మూసుకుంటాం కదా, అలాగే డోపమిన్‌ని అందుకునే డీ2 రిసెప్టర్లు తగ్గిపోతాయి. 1990ల్లో అమెరికాలో నోరా వోల్కో బృందం స్కాన్లు తీసి చూస్తే, మానేసిన మూడు నాలుగు నెలల తర్వాత కూడా అవి తక్కువగానే కనిపించాయి. మైకు ఆగినా కిటికీలు వెంటనే తెరుచుకోవు. అందుకే కొత్తగా మానేసినవాడికి సినిమా, బిర్యానీ, పిల్లల నవ్వు, అన్నీ చప్పగానే ఉంటాయి.

మూడు నాలుగు సార్లకి మీ తమ్ముడి రిసెప్టర్లు అలా అయిపోయి ఉంటాయని నేననను. గుండె లెక్క మాత్రం వేరు. అది డాక్టర్లు చెప్పాలి.

మత్తు_డాక్టర్ · ఆదివారం, మధ్యాహ్నం 1:15

పేరు చూసి కంగారు పడకండి, ఆపరేషన్ థియేటర్లో మత్తిచ్చే డాక్టర్ని :) నా వృత్తికి ఈ పొడి ముత్తాత లాంటిది, అందుకే వచ్చాను.

1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే కుర్ర డాక్టర్ కప్ప కంట్లో కొకైన్ చుక్కలు వేసి సూదితో తాకి చూశాడు. కప్ప కదల్లేదు. తర్వాత తన కంట్లోనే వేసుకుని గుండుసూదితో తాకాడు. నొప్పి లేదు. ఆ సెప్టెంబరులో హైడెల్‌బర్గ్‌లో కంటి డాక్టర్ల సభ జరిగితే, వెళ్ళడానికి డబ్బుల్లేక తన పత్రాన్ని వేరే డాక్టర్‌తో చదివించాడు. అంతకుముందు మనిషి మెలకువగా ఉండగా శుక్లం కోస్తే ఎలా ఉండేదో ఊహించుకోండి. పంటి డాక్టర్ దగ్గర మీరు వేయించుకునే జైలోకైన్ ఇంజెక్షన్ పేరు చివర ఉన్న "కైన్" ఈ వంశానిదే. అవి మొద్దుబారుస్తాయి, కిక్ ఇవ్వవు, ఎందుకంటే పంతులు గారు చెప్పిన ఆ డోపమిన్ తూము జోలికి అంతగా పోవు.

అదే ఏడాది కోలర్ స్నేహితుడు సిగ్మండ్ ఫ్రాయిడ్, అవును ఆ ఫ్రాయిడే, కోకాని మెచ్చుకుంటూ వ్యాసం రాశాడు. మార్ఫిన్‌కి బానిసైన తన మిత్రుడు ఫ్లైష్ల్‌కి మార్ఫిన్ మానడానికి కొకైన్ ఇచ్చాడు. ఆయన దీనికీ బానిసయ్యాడు. న్యూయార్క్‌లో నరాల్లోకి కొకైన్ ఎక్కించి ప్రయోగాలు చేసిన సర్జన్ హాల్‌స్టెడ్ తనమీదే ప్రయోగించుకుని ఇరుక్కుపోయాడు. ఆపరేషన్లలో రబ్బరు గ్లవ్స్ అలవాటు చేసిన పెద్దమనిషి ఈయనే. మందు గురించి అందరికంటే బాగా తెలిసినవాళ్ళ గతే ఇది. "నాకు తెలుసు, నేను కంట్రోల్‌లో ఉంటా" అనేవాళ్ళకి నేను ఈ రెండు కథలే చెప్తాను.

అసలు పాయింటు: నరాన్ని మొద్దుబార్చేటప్పుడు కొకైన్ సోడియం ద్వారాలు, అంటే నరంలో కరెంటు పారడానికి సోడియం లోపలికి వెళ్ళే దారులు, మూస్తుంది. గుండె కొట్టుకోవడానికి కావలసిన కరెంటు కూడా ఆ ద్వారాల గుండానే వెళ్తుంది. మోతాదు పెరిగితే లయ తప్పుతుంది.

లెస్టర్_లక్ష్మి · ఆదివారం, సాయంత్రం 5:33

ఇంగ్లండ్‌లో ఎమర్జెన్సీ వార్డులో నర్సుని. ఇక్కడ శుక్ర, శని రాత్రులు ఈ కేసు లేకుండా గడవదు. ఇరవై ముప్ఫై ఏళ్ళ మగపిల్లలు, గుండెల మీద ఏనుగు కూర్చున్నట్టుంది అంటూ వస్తారు.

రవళీ, లోపల ఒకేసారి జరిగేవి చెప్తాను. గుండె వేగం, బీపీ పెరుగుతాయి, అంటే గుండెకి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే గుండెకి రక్తం ఇచ్చే నాళాలు బిగుసుకుంటాయి. పైగా రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. అడిగింది ఎక్కువ, అందింది తక్కువ. కొవ్వు పేరుకోని కుర్రవాడి నాళాలు కూడా అలా బిగుసుకోగలవు. 1999లో అమెరికాలో గుండెపోటు వచ్చిన దాదాపు 4 వేల మందిని అడిగి చూస్తే, కొకైన్ తీసుకున్న మొదటి గంటలో గుండెపోటు ముప్పు 24 రెట్లు అని తేలింది. మామూలుగానే మన భారతీయులకి గుండెజబ్బు మిగతావాళ్ళకంటే ముందే వస్తుంది. దానిమీద ఇది.

మందుతో కలిపితే ఇంకో చిక్కు. సారాయి, కొకైన్ రెండూ ఒంట్లో ఉంటే కాలేయం వాటిని కలిపి కోకాఇథిలిన్ అనే మూడో పదార్థం తయారు చేస్తుంది. కొకైన్ కంటే ఎక్కువసేపు ఉంటుంది, గుండెకి ఎక్కువ చెడు చేస్తుంది. మీ తమ్ముడి నోట్లో మందు వాసన వచ్చిందన్నారు చూడండి, ఆ రాత్రి వాడి ఒంట్లో రెండు కాదు, మూడు ఉన్నాయి.

మళ్ళీ వస్తే మజ్జిగ, నిమ్మరసం, చన్నీళ్ళ స్నానం, ఇవేవీ దాన్ని దించవు. ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, ఫిట్స్, ఒళ్ళు కాలిపోవడం, మాట తడబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, వీటిలో ఏది కనిపించినా 108. వచ్చేదాకా చల్లటి చోట ఉంచండి, ఒళ్ళు వేడిగా ఉంటే తడిగుడ్డతో తుడవండి. గట్టిగా అరవకండి, గొడవ పడకండి.

డాక్టర్‌కి నిజం చెప్పండి. ఇది మాత్రం మర్చిపోవద్దు. గుండెదడ, టెన్షన్ అంటే మన దగ్గర ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్ర ఇవ్వడం మామూలు. కొకైన్ ఒంట్లో ఉన్నప్పుడు అది ఇస్తే నాళాలు ఇంకా బిగుసుకోవచ్చు, అందుకే సాధారణంగా ఇవ్వరు. ముందు డయజెపామ్ లాంటివి ఇచ్చి ఒంటిని శాంతపరుస్తారు, గుండెపోటు అనుమానం ఉంటే ఆస్పిరిన్, నైట్రోగ్లిజరిన్. పరువు కోసం దాచిపెడితే చికిత్సే తప్పుదారి పడుతుంది.

వీధరుగు · ఆదివారం, సాయంత్రం 6:10

24 రెట్లు అంటే భయంగానే ఉంది కానీ ఆ స్టడీ నేనూ చూశాను. ఆ 4 వేల మందిలో గంటలోపు వాడినవాళ్ళు 9 మందే. అంత చిన్న అంకె మీద అంత పెద్ద మాటా?

లెస్టర్_లక్ష్మి · ఆదివారం, సాయంత్రం 6:51

ఒప్పుకుంటాను, అంకె 24 కాకుండా కొంచెం అటూ ఇటూ అవచ్చు. ముప్పు ఉందా లేదా అన్నదానిలో మాత్రం అనుమానం లేదు. ఛాతీ నొప్పితో వచ్చేవాళ్ళందరికీ గుండెపోటే అని కూడా నేననలేదు. 1994 నాటి ఒక అమెరికన్ లెక్కలో అలాంటివాళ్ళలో 6 శాతం మందికి నిజంగా గుండెపోటు ఉంది. మిగతా 94 మంది ఇంటికెళ్తారు. ఆ ఆరుగురు ఎవరో చూస్తే తెలియదు, ఈసీజీ తీసి రక్తపరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

బాస్కెట్‌బాల్ చూసేవాళ్ళకి లెన్ బయస్ తెలిసే ఉంటాడు. 1986 జూన్ 17న బోస్టన్ సెల్టిక్స్ అతన్ని ఎంచుకుంది. 19న కొకైన్‌తో గుండె ఆగిపోయింది. 22 ఏళ్ళు. అంత ఫిట్‌గా ఉన్నవాడే.

[ఈ సందేశాన్ని మోడరేటర్ తొలగించారు]

మోడరేటర్ · ఆదివారం, రాత్రి 9:02

ధరలు, ఎక్కడ దొరుకుతుంది, కంపెనీ యూరిన్ టెస్టులో దొరక్కుండా ఏం చేయాలి, ఇవి ఇక్కడ వద్దు. ఇంకోసారి అడిగితే బ్లాక్.

రెండో_ఇన్నింగ్స్ · ఆదివారం, రాత్రి 11:30

రెండేళ్ళ నుంచి మానేశాను. రాయాలా వద్దా అని పొద్దుటినుంచీ ఆలోచించి రాస్తున్నాను.

బెంగళూరులో ఉన్నప్పుడు మొదలైంది. మొదట నెలకోసారి, తర్వాత ప్రతి శనివారం, తర్వాత శనివారం ఎప్పుడొస్తుందా అని సోమవారం నుంచీ ఎదురుచూపు. సెలవులకి ఇంటికొస్తే ముక్కులోంచి రక్తం. అమ్మ "వేడి చేసిందిరా" అని బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు. పాపం నెలరోజులు తాగించింది. చివరికి ఈఎన్‌టీ డాక్టర్ ఒక ముక్కులో టార్చి వేస్తే వెలుగు రెండో ముక్కులోంచి కనిపించింది. ముక్కు దూలానికి చిల్లు. డాక్టర్ అమ్మని బయటికి పంపి "ఎన్నాళ్ళనుంచి?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

నన్ను ఎక్కువ భయపెట్టింది ముక్కు కాదు. చివరి ఆరు నెలలు అసలు కిక్కే లేదు. తీసుకోగానే భయం, కర్టెన్ వెనక ఎవరో ఉన్నారని, చర్మం కింద పురుగులు పాకుతున్నాయని గోక్కోవడం. అయినా డబ్బులు చేతికి రాగానే ఫోన్ అటే పోయేది. ఇష్టం లేదు, కానీ కావాలి. ఇది ఎవరికి చెప్పినా నమ్మరు.

మానేసిన రెండు నెలలకి బావమరిది వాళ్ళింట్లో క్యారమ్స్ ఆడుతున్నాం. బోర్డు మీద పౌడర్ చల్లాడు. అంతే. అరచేతులు చెమటలు, గొంతు ఎండిపోయింది, ముక్కు మొద్దుబారినట్టు అనిపించింది. లేచి బయటికొచ్చేశాను.

పాఠాల_పంతులు · సోమవారం, ఉదయం 5:50

నేను నమ్ముతాను నాయనా. "ఇష్టం లేదు, కానీ కావాలి" అన్న మాటని కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ అనే ఇద్దరు 1993లో సిద్ధాంతంగానే రాశారు. మెదడులో రుచి చూసే దారి వేరు, కావాలనిపించే దారి వేరు. కొకైన్ రెండో దాన్ని సానపెడుతుంది. రుచి పోయినా ఆ దారి పదునుగానే ఉంటుంది.

క్యారమ్ పౌడర్ రెండు నెలలకి అంత గట్టిగా తగలడం కూడా విచిత్రం కాదు. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, మాన్పించిన మొదటి రోజుకంటే రెండో నెలలో కొకైన్‌ని గుర్తుచేసేవి ఎదురైతే యావ ఎక్కువగా కనిపించింది. "రెండు నెలలైంది, ఇంకేం భయం లేదు" అని ఇంట్లోవాళ్ళు అనుకునే సరికి అసలు పరీక్ష వస్తుంది.

ముక్కు దూలం సంగతి: అది మృదులాస్థి, దానికంటూ సొంత రక్తనాళాలు ఉండవు, పైన ఉన్న పొర మీదే ఆధారం. ఆ పొరలో నాళాలు పదేపదే బిగుసుకుంటే తిండి లేక కుళ్ళుతుంది. లక్ష్మి గారు గుండెలో చెప్పిన పనే ముక్కులోనూ జరుగుతోందన్నమాట.

ఇంకో ముచ్చట. 2002లో కోతుల మీద ఒక ప్రయోగం అచ్చయింది. గుంపులో పెత్తనం చేసే కోతుల్లో డీ2 రిసెప్టర్లు పెరిగాయి, కొకైన్ అందుబాటులో పెట్టినా వాటికి పెద్దగా పట్టలేదు. అణిగి ఉండే కోతులు మాత్రం అలవాటు పడ్డాయి.

నైట్‌షిఫ్ట్_నాని · సోమవారం, ఉదయం 7:12

అంటే మా మేనేజర్‌కి అలవాటు కాదు, మా టీమ్‌కి అవుతుందన్నమాట. ఎప్పుడూ ఇంతే.

పాత_కాగితాలు · సోమవారం, మధ్యాహ్నం 12:25

వీధరుగు గారు తమలపాకు అన్నారు కాబట్టి ఒక పాత సంగతి. ఇది మన దేశానికి కొత్త కాదు. 1900ల మొదట్లో కలకత్తా, బొంబాయిల్లో కొకైన్‌ని తాంబూలంలో పెట్టుకుని నమిలేవాళ్ళు. జర్మనీ నుంచి మెర్క్ కంపెనీ పొడి దొంగతనంగా వచ్చేది. 1902లోనే కైలాస్ చంద్ర బోస్ అనే కలకత్తా డాక్టర్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీనిమీద వ్యాసం రాశాడు. తాంబూలమే ఎందుకంటే సున్నం. సున్నం తగిలితే కొకైన్ నోటి పొరలోంచి బాగా ఇంకుతుంది. ఆండీస్ కొండల్లో కోకా ఆకుతో పాటు సున్నమో బూడిదో నమిలేదీ ఇందుకే. రెండు ఖండాలు, ఒకే కిటుకు.

మత్తు_డాక్టర్ · సోమవారం, మధ్యాహ్నం 2:40

"వేడి చేసింది" అన్నమాట చదివి ఇది రాయాలనిపించింది. కొకైన్ నిజంగానే వేడి చేస్తుంది. చెమట పట్టడాన్ని, చర్మం వేడి వదలడాన్ని అడ్డుకుంటుంది, పైగా వేడిగా ఉందన్న స్పృహే తగ్గిస్తుంది. న్యూయార్క్‌లో లెక్క తీస్తే, 31 డిగ్రీలు దాటిన రోజుల్లో కొకైన్ మరణాలు మూడోవంతు ఎక్కువ. 31 డిగ్రీలు! మనకి ఫిబ్రవరిలోనే దాటుతుంది. మే నెలలో, కిక్కిరిసిన హాల్లో గెంతే కుర్రాళ్ళ సంగతి మీరే చూసుకోండి. ఒంటి వేడి 41కి పోతే కండరాలు కరిగి కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇంకొకటి, పొడిలో ఏముందో అమ్మేవాడికే తెలియదు. పశువులకి నులిపురుగుల మందు లెవమిజోల్ చాలాసార్లు కలిసి ఉంటుంది. అది తెల్ల రక్తకణాల్ని పడగొడుతుంది. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకి చెప్పండి, అక్కడ ఫెంటనిల్ అనే బలమైన మత్తుమందు కలిసి వస్తోంది, దానితో ఊపిరే ఆగిపోతుంది.

రవళి_రామంతపూర్ · సోమవారం, రాత్రి 9:15

రెండో ఇన్నింగ్స్ గారూ, మీరు రాసింది వాడే చదివాడు. చదివాక చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మూడు నాలుగు కాదక్కా, పది పన్నెండు" అన్నాడు. కోపం రావాలి, రాలేదు.

హాస్పిటల్‌కి వెళ్తే పోలీసులకి చెప్తారని వాడి భయం. నిజమేనా? దీనికి మందులేమైనా ఉన్నాయా?

ప్లీడరు_గారబ్బాయి · సోమవారం, రాత్రి 9:48

ఎన్‌డీపీఎస్ చట్టం 1985, అంటే మన మాదకద్రవ్యాల చట్టం. కొకైన్ వాడటం 27వ సెక్షన్ కింద నేరమే, ఏడాది వరకు జైలు, లేదా 20 వేల వరకు జరిమానా, లేదా రెండూ. కానీ అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. అలవాటు పడినవాడి మీద వాడినందుకో, చిన్న మోతాదు దొరికినందుకో కేసు ఉన్నా, తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకి వెళ్ళి, దాన్ని పూర్తిచేస్తే ఆ కేసు నుంచి రక్షణ ఉంటుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. కొకైన్‌కి చిన్న మోతాదు అంటే 2 గ్రాములు. అమ్మినా, ఇంకొకరికి తెచ్చిపెట్టినా ఇది వర్తించదు, "ఫ్రెండ్ కోసం తెచ్చాను" అన్నా సరే. ఆ ఒక్కటీ మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి.

లెస్టర్_లక్ష్మి · సోమవారం, రాత్రి 10:20

మాత్రల మాటకొస్తే, కొకైన్ అలవాటు మాన్పించడానికంటూ ఆమోదం పొందిన మందు ఇప్పటిదాకా లేదు. టీకా కూడా ప్రయత్నించారు, ఫలించలేదు. బాగా పనిచేసేది వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది: వారానికి రెండు మూడు సార్లు యూరిన్ టెస్టు, శుభ్రంగా వస్తే చిన్న బహుమతి, కూపనో ఏదో. దానితో పాటు కౌన్సెలింగ్. నేనూ మొదట నవ్వాను, తర్వాత కళ్ళారా చూశాను.

అక్కడైతే 14446కి ఫోన్ చెయ్యండి, కేంద్రం నడిపే డీ-అడిక్షన్ లైను, డబ్బులేం కట్టక్కర్లేదు. దగ్గర్లో సెంటర్ ఎక్కడో చెప్తారు. ముందు ఒక ఈసీజీ తీయించండి.

రెండో_ఇన్నింగ్స్ · సోమవారం, రాత్రి 10:41

తమ్ముడూ, చదువుతున్నావు కదా. మొదటి రోజు లోపలికి వెళ్ళడమే కష్టం. నేను గేటు దాకా వెళ్ళి రెండు సార్లు వెనక్కి వచ్చాను. ఆ అమ్మేవాడి నంబరు డిలీట్ చెయ్యడం కాదు, సిమ్మే మార్చెయ్. నాకు నంబరు నోటికి వచ్చు మరి.

రవళి_రామంతపూర్ · గురువారం, ఉదయం 11:05

ఈసీజీ బాగానే ఉంది. బీపీ కొంచెం ఎక్కువ, మళ్ళీ చూపించమన్నారు. కొత్త సిమ్ తీసుకున్నాడు, నంబరు పిన్నికి నాకు తప్ప ఎవరికీ లేదు. పిన్నికి ఇంకా ఏమీ చెప్పలేదు, పాత సిమ్ పోయిందని అబద్ధం చెప్పాం.

ఇప్పుడు సెంటర్ బయట కారులో కూర్చుని టైప్ చేస్తున్నాను. గేటు దాకా వచ్చాక ఒకసారి వెనక్కి తిరిగాడు. నేనేం అనలేదు. ఐదు నిమిషాలు నిలబడి మళ్ళీ వాడే వెళ్ళాడు. లోపలికి వెళ్ళి నలభై నిమిషాలైంది.